కొత్త మందు కాగితం మీద సంతకం పెట్టే ముందు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో సోలాపూర్ చేనేత సహకార సంఘం కార్యదర్శి మాటలు)



మేము ఎనిమిదో తరగతి దాకనే చదివినం. నూలు లెక్క, కూలి లెక్క అడిగితే చెప్తం. అయినా ఈ పది నిమిషాలు క్యాన్సర్ గురించి కావాలని మేమే అడిగి తీసుకున్నం.

సోలాపూర్ తూర్పు భాగంలో మన ఇండ్లల్ల మగవాళ్లది మగ్గం, ఆడవాళ్లది బీడీ పని. నోట్లో పుండు మానకపోతే, రొమ్ములో గడ్డ తగిలితే ముంబై దారి పడతం. అక్కడ తిప్పలు ఏమంటే, ఇంట్లో తెలుగు, బజార్ల మరాఠీ, చేతికిచ్చే కాగితం ఇంగ్లీషు.

మా సంఘం సభ్యుని భార్యను ఒక పెద్ద ఆస్పత్రిలో క్లినికల్ ట్రయల్లో చేరుతారా అని అడిగినారు. ఇంట్లో రెండు పక్షాలు. అత్తగారు "మనం ఏమన్న ఎలుకలమా" అని ఏడుపు. కొడుకు "మందు ఫుకట్ గదా, పెట్టు సంతకం" అని తొందర. జబ్బు ఎవరిదో ఆమెను మాత్రం ఎవ్వరూ అడగలేదు.

కొత్త రంగు నిలుస్తదా దిగుతదా చూడాలంటే మనం ఏం చేస్తం? ఒకే నూలు సగం పాత రంగులో, సగం కొత్త రంగులో ముంచి, రెండూ ఉతికి చూస్తం. పెద్ద ట్రయల్స్ చాలా వరకు అట్లనే. కొందరికి ఇప్పుడు నడిచే వైద్యం, కొందరికి కొత్తది. ఎవరికేది అన్నది డాక్టరు ఇష్టం కాదు, చీటీ తీసినట్టు పడుతది. కొత్తది కాబట్టి మంచిదే అనుకోవద్దు, అది తెలియకనే గదా పరీక్ష. మొదటి దశ ట్రయల్ అయితే ముఖ్యంగా ఎంత మోతాదు ఒళ్లు తట్టుకుంటదో చూస్తరు. అందుకని ఏ దశ అని తప్పక అడగాలె.

2019 రూల్స్ మన పక్షానే ఉన్నయి. రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలె. చదువు రానివాళ్లకైతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరి దాకా పక్కన ఉండి సంతకం పెట్టాలె. కాగితం నకలు మనకియ్యాలె. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఉన్నయి. నడుమ మానుకుంటే మామూలు వైద్యం ఆపొద్దు. ట్రయల్ పేరు సీటీఆర్ఐ అనే సర్కారు రిజిస్టర్లో ఉన్నదా అని మన పిల్లలు ఫోన్లనే చూడొచ్చు.

భయం ఊరికే రాలేదు లెండి. ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పరిశోధనలో ఆడపిల్లల ఫారాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడి, 2010లో దాన్ని ఆపేసినారు. అట్లని అన్ని ట్రయల్స్ మోసమనడం కూడా మాకు నచ్చదు. నేడు మనవాళ్లకు పనిచేసే మందులన్నీ ఎవరో ఒకరు చేరితేనే తేలినయి.

మేము ఇద్దరం ఆమెతో పోయి తెలుగు కాగితం అడిగినం. వారం తర్వాత వచ్చింది. రెండు రాత్రులు చదివి వినిపించినం. రానుపోను ఖర్చు ఎవరిది, రక్తం ఎన్నిసార్లు తీస్తరు, చేరకపోతే ఏ వైద్యం ఇస్తరు, ఇవన్నీ ఆమెనే డాక్టరును అడిగింది. చేరిందా లేదా అని మమ్మల్ని అడగొద్దు, అది ఆమె ఇష్టం.

ఎవరికన్న ఇట్లాంటి కాగితం వస్తే సాయంత్రం సంఘం ఆఫీసుకు రాండ్రి. చదివి చెప్తం, తోడు వస్తం. చేరు, చేరకు అని మాత్రం చెప్పం. జిరాక్స్ తెచ్చుకోండి, అసలు కాగితం ఇంట్లనే ఉంచుండ్రి.