అరవడమూ సాధనే

పుల్లెల గోపీచంద్ 1973లో పుట్టిన నాగండ్ల ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. మోకాలి ఆపరేషన్ల తర్వాత కూడా 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన మనిషి ఆయన. కోచ్ అయ్యాక ఆయన చెప్పిన ఒక పాఠం వింటే వింతగా ఉంటుంది.

ఆయన దగ్గర ఆట నేర్చిన పి.వి. సింధుకు ఎత్తుంది, స్మాష్‌లో బలముంది. కోర్టులో మాత్రం అప్పట్లో మరీ మెతక. అందుకని గోపీచంద్ ఆమెను తన అకాడమీలో అందరి ముందూ నిలబెట్టి గట్టిగా అరవమన్నారు. అరిస్తేనే రాకెట్ పట్టనిస్తానన్నారు. అమ్మాయి ఏడ్చింది, చివరికి అరిచింది. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్‌లో కరోలినా మారిన్ మీద మొదటి గేమ్ 21–19తో గెలిచిన సింధు గొంతు దేశమంతా విన్నది. ఆ రోజు దక్కింది రజతమే అనుకోండి. అయినా దాన్ని చిన్నది అనగలమా?

ఇలా ఒత్తిడిని తట్టుకునే సాధనకు పెద్ద అకాడమీలే అక్కర్లేదు. తెనాలిలో షటిల్ ఆడే పిల్లలైనా, రేపల్లెలో కబడ్డీ ఆడేవాళ్లైనా పాయింట్ పోగానే నెమ్మదిగా, పొడుగ్గా గాలి వదలాలి. అలా వదిలితే గుండె వేగం కాస్త తగ్గుతుంది. తర్వాత జరిగిపోయిన తప్పును తవ్వుకోకుండా, చేయాల్సిన ఒక్క పనినే తలచుకోవాలి. పోటీ రోజున మొదలుపెడితే ఇది అబ్బదు. కోచ్‌లూ, ప్రాక్టీసులోనే స్కోరు 19–19 అనుకుని ఆడించండి. పక్కన నలుగురిని గోల చేయమనండి.