యుద్ధకాలంలో సెలవుల రైలు

రైలెక్కాలంటే మన పావగడవాళ్లు హిందూపురం దారి పట్టవలసిందే. బయలుదేరేముందు పెద్దవాళ్లు అడుగుతారు: "ఇప్పుడీ ప్రయాణం అంత అవసరమా?" అని. రెండో ప్రపంచ యుద్ధంలో సరిగ్గా ఈ ప్రశ్ననే బ్రిటన్‌లో గోడపత్రికల మీద అచ్చువేసి స్టేషన్లలో అంటించారు. బండ్లు సైనికులకూ, సామగ్రికీ కావాలి గనుక సెలవులు సొంత ఊళ్లోనే గడపమన్నారు. అందుకోసం పార్కుల్లో పాటకచేరీలు కూడా పెట్టించారు.

జనం విన్నారా? 1944 జూలై 29, శనివారం. లండన్ పాడింగ్టన్ స్టేషన్ కిక్కిరిసిపోతే మూడు గంటలసేపు మూసేశారు. ఆ వేసవిలో లండన్ మీద ఎగిరే బాంబులు పడుతున్నాయి మరి! వాళ్లను తప్పుపట్టడానికి నాకైతే మనసొప్పదు.

మన దేశంలోనూ తప్పనిసరైతేనే ప్రయాణించండని రైల్వేలు ప్రకటనలిచ్చాయి. అయితే ఇక్కడ మాటతో ఆగలేదు. కొన్ని శాఖామార్గాల పట్టాలే పీకేశారు. మొరప్పూరు నుంచి ధర్మపురి మీదుగా 1913లో హోసూరు చేరిన చిన్న రైలు 1941లో ఆగిపోయింది. హోసూరంటే మనలాగే సరిహద్దు తెలుగువాళ్లుండే ఊరు. లండన్‌లో బండి అందనివాడు మర్నాడు మళ్లీ వచ్చి వరుసలో నిలబడవచ్చు. హోసూరువాళ్లు మాత్రం సేలం-బెంగళూరు మార్గం వచ్చేదాకా, పాతికేళ్లకు పైగా, రైలుకూత వినలేదు.