ప్రేలుడు బలమును కొలుచు విధము



తెలంగాణ పల్లెలలో బావి త్రవ్వుచుండగా బండ తగిలినచో రాతికి రంధ్రము తొలిచి, తూటా నమర్చి ప్రేల్చుట పరిపాటి. గుట్టలను పగులగొట్టి కంకర తీయు చోటులందు ఇదే పని పెద్ద యెత్తున జరుగును. ప్రేల్చిన పిమ్మట తగవు మొదలగును. ఇంటివాడు గోడ బీటవారినదనును. క్వారీవాడు ఆ బీట పాతదనును. ఇద్దరికిని సాక్షి చెవి యొక్కటే. ఈ విషయమున చెవి నమ్మదగిన సాక్షి కాదు.

మందుల బలమును పోల్చుటకు ట్రౌజ్ల్ పరీక్ష యను ప్రాత పద్ధతి యొకటి కలదు. సీసపు దిమ్మెలోని గుంటలో పది గ్రాముల మందు నుంచి ప్రేల్తురు. గుంట కుండవలె ఉబ్బును. అందు నీరు పోసి, ఎంత పట్టినదో చూతురు. కొలబద్దగా అందరును వాడు టి.ఎన్.టి. సుమారు 300 ఘన సెంటీమీటర్ల మేర ఉబ్బించును. అయితే ఇది త్రోపుబలమును తెలుపునే గాని చురుకును తెలుపదు. టి.ఎన్.టి.లో ప్రేలుడు సెకనుకు సుమారు 6,900 మీటర్ల వేగమున ప్రాకును. క్వారీలలో వాడు కొన్ని మందులలో అంతకంటె చాల మెల్లగా ప్రాకును. మొదటిది సమ్మెట దెబ్బ వంటిది. రెండవది గడ్డపారతో పెళ్లగించుట వంటిది. ఏది గొప్పదని అడిగిన, ఏ పనికని మరల అడుగవలసి యుండును.

1945 జూలై 16న న్యూమెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబును పరీక్షించిరి. ఎన్రికో ఫెర్మి సుమారు పది మైళ్ల దూరమున నిలిచి, గాలి తాకిడి వచ్చువేళకు కాగితపు ముక్కలను జారవిడిచెను. అవి రెండున్నర మీటర్లు జరిగి పడెను. దానిని బట్టి 10,000 టన్నుల టి.ఎన్.టి.కి సమానమని ఆయన అంచనా కట్టెను. తరువాతి లెక్కలలో అది 20,000 టన్నులు దాటినది. చేతిలో కాగితము తప్ప సాధనము లేనివానికి అది తక్కువ విద్య కాదు. హిందూపురమునకు చేరువనున్న గౌరీబిదనూరులో 1965లో నెలకొల్పిన భూకంపమాపకముల వరుస, దూరదేశముల అణుపరీక్షలను నేల కదలికను బట్టియే పసికట్టగలదు.

ఊరివారికి ముఖ్యమైనది దూరము. మందు ఎనిమిది రెట్లయినచో, నూరు గజముల వద్దనుండు గాలి తాకిడి రెండు వందల గజములకు మాత్రమే చేరును. ఇక నేల అదురు సంగతి. తూటాలన్నిటిని ఒక్కమారుగా గాక, క్షణములో కొద్ది భాగము తేడాతో ఒకదాని వెంట నొకటి ప్రేల్చినచో అదురు తగ్గును. గనుల భద్రతా శాఖ 1997లో దీనికి హద్దులు పెట్టినది. సామాన్యుల ఇండ్ల వద్ద నేల కదలిక, అదురు తీరును బట్టి, సెకనుకు 5, 10, 15 మిల్లీమీటర్లు మించరాదు. నిదానముగా ఊగు అదురు గోడకు మిక్కిలి చేటు గనుక దానికే 5 హద్దు. కిటికీ తలుపులు గలగలలాడుట తరచు గాలి తాకిడి వలననే. దానిని చూచి గోడ చెడినదనుకొనరాదు. సద్దు లేనిచో గోడ క్షేమమనియు అనుకొనరాదు.

మాపకయంత్రమును క్వారీ కడ గాక ఇంటి పునాది చెంత నేలపై అమర్చవలెను. ప్రేల్పులు మొదలు కాకమునుపే ఇరుపక్షములవారు కలిసి గోడలను చూచి, ఉన్న బీటల పొడవును తేదీతో కాగితముపై వ్రాసి చేవ్రాలు చేయవలెను.