తలుపు తెరిచే ఉంది, మరి మనమెందుకు లోపల లేము?

(తిరువూరులో స్త్రీ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్ల గురించి, ఇంట్లో హింస గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద సాఫ్ట్‌వేర్ ఊసు ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ రేషన్, పింఛను, డ్వాక్రా లెక్కలు అన్నీ ఇవాళ ఏదో ఒక తెర మీదుగానే మన దగ్గరికి వస్తున్నాయి. ఆ తెర వెనక రాసేదెవరు, నిర్ణయించేదెవరు అన్నది కచ్చితంగా హక్కుల ప్రశ్నే.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో మన సంఘం లెక్కల పుస్తకంతో చెప్తాను. కంపెనీ సాఫ్ట్‌వేర్ బీరువాలో తాళం వేసిన పుస్తకం లాంటిది. ఓపెన్ సోర్స్ పుస్తకం నలుగురి మధ్య తెరిచి ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, తప్పు దిద్దవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. వినడానికి ఎంతో ప్రజాస్వామికంగా ఉంది. అయితే సంఘంలో పుస్తకం అందరిదీ అయినా రాసే కలం ఎవరి చేతిలో ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

2006లో యూరప్‌లో జరిగిన ఫ్లాస్‌పోల్స్ అధ్యయనం ఈ రంగంలో స్త్రీలు సుమారు 1.5 శాతమేనని తేల్చింది. కంపెనీల సాఫ్ట్‌వేర్ పనిలో అప్పటికి 28 శాతం ఉన్నారు. అంటే తాళం వేసిన ఇంట్లో కన్నా తలుపు తెరిచిన ఇంట్లోనే స్త్రీలు తక్కువ! 2017లో గిట్‌హబ్ జరిపిన సర్వేలో కూడా జవాబిచ్చినవారిలో 95 శాతం పురుషులు, 3 శాతం మాత్రమే స్త్రీలు. ఎందుకిలా? రచ్చబండ దగ్గరికి రావద్దని స్త్రీలకు ఎవరూ బోర్డు పెట్టలేదు. అయినా మన తల్లులు అక్కడ కూర్చోలేదు. ఇదీ అంతే. ఈ పని చాలావరకు జీతం లేకుండా, తీరిక వేళల్లో జరుగుతుంది. ఉద్యోగం, వంట, పిల్లలు, ముసలివాళ్ల సేవ అయ్యాక స్త్రీకి మిగిలే తీరిక ఎంత? పైగా తెలియనిది అడిగితే ఎగతాళి, ఆడపేరు కనపడితే వెకిలి మాటలు.

అందుకే కొందరు స్త్రీలు ప్రాజెక్టుల లోపలే ప్రత్యేక బృందాలు కట్టారు. డెబియన్ అనే పెద్ద ప్రాజెక్టు సంగతి చూడండి. 1993లో దాన్ని మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్ తన స్నేహితురాలు డెబ్రా పేరునూ తన పేరునూ కలిపి ఆ పేరు పెట్టాడు. పేరులో సగం స్త్రీ! పనిలో మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. పదకొండేళ్ల తర్వాత, 2004లో, 'డెబియన్ విమెన్' ఏర్పడింది. కొత్తవారికి పని నేర్పడం, జంకు లేకుండా అడిగే చోటు కల్పించడం, అప్పటికే పనిచేస్తున్న స్త్రీలను నలుగురికీ కనిపించేలా చేయడం దాని పనులు. పురుషులు కూడా అందులో చేరవచ్చు.

గ్నోమ్ అనుభవం ఇంకా సూటిగా ఉంటుంది. 2006లో గూగుల్ వేసవి పథకం కింద ఆ ప్రాజెక్టుకు 181 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కటీ స్త్రీది కాదు. వెంటనే స్త్రీల కోసమే భృతి ఇచ్చి, పక్కన ఉండి నేర్పే వ్యవస్థ పెడితే వందమంది దాకా దరఖాస్తు చేశారు. 'స్త్రీలకు ఆసక్తి లేదు' అన్న వాదన ఒక్క వేసవిలో కూలిపోయింది. ఆ ప్రయత్నమే తర్వాత ఎదిగి, 2015 నుంచి 'అవుట్‌రీచీ' పేరుతో సాగుతోంది.

'ప్రత్యేక బృందం ఎందుకు? ఉద్యమాన్ని చీల్చడమే కదా!' అన్న మాట అక్కడా వినిపించింది. ఈ మాట మనకు కొత్తా? తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. ప్రాణాలొడ్డి పనిచేసిన స్త్రీలను పోరాటం ముగిశాక ఇళ్లకు వెళ్లమన్నారని ఆ పుస్తకం వల్లే మనకు తెలిసింది. విడిగా కూర్చుని మాట్లాడుకోకపోతే ఆ ప్రశ్న ప్రశ్నగానే బయటికి వచ్చేది కాదు.

అయితే బృందం కట్టగానే సరిపోదు. అనువాదాలు, స్వాగతాలు, సమావేశ ఏర్పాట్లు స్త్రీలకు అప్పగించి, ప్రధాన కోడ్ మీద నిర్ణయాలు మగవాళ్లే చేస్తుంటే అది మరో వంటిల్లే. కాబట్టి మూడు విషయాలు పట్టుబట్టి అడగాలి. ఒకటి, నిర్ణయాల్లో ఓటు, మార్పులను ఆమోదించే అధికారం. రెండు, స్త్రీలు వెచ్చించే సమయానికి విలువ, వీలైతే డబ్బు. మూడు, వేధింపు జరిగితే ఎవరికి చెప్పాలో, వాళ్లు ఏం చేయాలో రాతపూర్వకంగా ఉండటం. డెబియన్ తన ప్రవర్తనా నియమావళిని 2014లో సభ్యుల ఓటుతో ఆమోదించింది. ఇంకో మాట, స్త్రీలంటే ఏ స్త్రీలు? ఇంగ్లీషు వచ్చిన పట్నపు స్త్రీలేనా? దళిత స్త్రీ, పల్లెటూరి స్త్రీ అందులో లేకపోతే మనం ఇంకో చిన్న గదికి తాళం వేసుకున్నట్టే.

మన భాష సంగతీ చూద్దాం. తెలుగు తెరల మీద 'వినియోగదారుడు' అని కనపడుతుంటుంది. డబ్బు కట్టేది, ఫారం నింపేది మనం, పిలుపు మాత్రం మగవాడికి! 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఒకప్పుడు 'సభ్యుడు' అన్న మాట ఉండేది. ఇప్పుడు 'వాడుకరి' అంటున్నారు. ఆడైనా మగైనా సరిపోయే మాట. ఎవరో కూర్చుని ఆలోచించి మారిస్తేనే ఒక మాట మారుతుంది.

ఈ హాలు నుంచి వెళ్లేలోపు అయిదారుగురు ముందుకు వస్తే చాలు. మీరు రోజూ వాడే తెలుగు తెరల మీద మిమ్మల్ని లెక్కలోకి తీసుకోని మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. ఓపెన్ సోర్స్‌లో తప్పు ఎత్తిచూపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అక్కడి నుంచి మొదలుపెడదాం. కోడ్ రాయడం తర్వాత నేర్చుకుందాం. సంతకం నేర్చుకున్న చేతులే పంచాయతీ తీర్మానాలు రాయడం ఈ ప్రాంతం చూడని విషయమేమీ కాదు.