రాజు స్థానమున నెవరు?



ఒక దేశమునకు రాజు కలడు. ఆతడు పేరునకే రాజు. పాలనమంతయు ప్రజలెన్నుకొనిన మంత్రులదే. ఆ దేశీయులకు రాజు వలయునా, వలదా యను ప్రశ్న పుట్టినచో దాని నెట్లు తీర్చుకొనవలయును? నేటి నా ప్రసంగమునకు విషయమిదియే.

ఇది మనకు బొత్తిగా క్రొత్త సంగతి కాదు. 1947 ఆగస్టు 15 మొదలు 1950 జనవరి 26 వరకు స్వతంత్ర భారతమునకు ఆరవ జార్జియే రాజు. మన రాజ్యాంగ పరిషత్తు గణతంత్రమును నిర్ణయించెను. అందులకై జనులను వేరుగ వోటడుగలేదు.

ఇటలీలో ప్రజలనే యడిగిరి. 1946 జూన్ 2వ తేదీన నూటికి 54 మంది గణతంత్రమును కోరిరి. దక్షిణమున రాజపక్షమునకు, ఉత్తరమున గణతంత్రమునకు బలము హెచ్చుగా నుండెను. జూన్ 13వ తేదీన రాజు ఉంబెర్టో దేశము విడిచెను. క్రొత్త రాజ్యాంగమును మాత్రము పిమ్మటనే వ్రాసికొనిరి.

ఆస్ట్రేలియా మార్గము వేరు. బ్రిటిషు రాజే వారికిని రాజు; ఆతని ప్రతినిధి గవర్నరు జనరలు. 1975లో ఆ ప్రతినిధి ప్రధానమంత్రినే తొలగించెను. కనుక రాజు స్థానమున కూర్చుండువాని యధికారమెంత యనునది వారికి చిన్న ప్రశ్న కాదు. 1998లో కాన్‌బెరా నగరమున 152 మంది ప్రతినిధులు సమావేశమైరి. పార్లమెంటులో మూడింట రెండు వంతుల సభ్యులు అధ్యక్షుని నియమింపవలెనను పద్ధతికి 73 మంది యనుకూలురు; 57 మంది ప్రతికూలురు; 22 మంది యే పక్షమును చేరలేదు. 1999 నవంబరు 6వ తేదీన ఆ పద్ధతినే ప్రజల ముందుంచిరి. నూటికి 55 మంది వలదనిరి. ఆరు రాష్ట్రములలోను అదియే తీర్పు.

వారందరును రాజభక్తులేనా? కారు. అధ్యక్షుని తామే యెన్నుకొనవలెనని కోరినవారు పెక్కురు రాజపక్షముతో కలిసి వోటిచ్చిరి. చెరువుగట్టు బాగుచేయవలయునా, చందా యెట్లు వేయవలయును అను రెండు ప్రశ్నలను ఒక్కటిగ నడిగినచో, చందా నచ్చనివాడు గట్టునే వలదనును గదా!

అట్లని రాజు నొల్లమని మాత్రము చెప్పించుకొని, తక్కినది పిమ్మట చూతమనుట, వట్టి కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొనుట వంటిది.

నాకు తోచిన మార్గమిది. మొదట రాజు వలయునా యని యడుగవలయును. వలదన్నచో, అధ్యక్షుని యెన్నికకు గల పద్ధతులను విప్పి చెప్పి, వానిలో నొకదానిని ప్రజలచేతనే యేర్పరింపవలయును. ఆ పద్ధతితో రాజ్యాంగము వ్రాసి, మరల వారి సమ్మతి పొందవలయును. అంతవరకు రాజు స్థానము కదలరాదు. కాలము పట్టును, వ్యయమగును. అయినను ఓడినవాడు సయితము, "నన్ను మోసగింపలేదు" అనుకొనును. ఆ నమ్మకము లేనిచో, రాజున్నను అధ్యక్షుడున్నను ఆ పీఠమునకు బలము లేదు.