ఇంగ్లీషు క్రియ వెంట వచ్చు చిన్నమాటలు

ఇంగ్లీషు వ్యాకరణముతో పల్లెటూరి పెద్దలకేమి పని యని కొందరనుకొనవచ్చును. పని కలదు. అర్జీలు, రసీదులు, విదేశములకు పోయిన బిడ్డలకై పంపు కాగితములు ఇంగ్లీషున వ్రాయించి, వానిక్రింద సంతకము చేయువారు మనలో ననేకులు. ఆ వ్రాతలో నొక చిన్నమాట తప్పినచో సొమ్మే తారుమారు కావచ్చును.

నేను చూచిన యొక కాగితమును గూర్చి చెప్పెదను. ఒక రైతు తాను బాకీపడిన పదివేల రూపాయలు తీర్చి, "అతనికి చెల్లించితిని" అని వ్రాయుమనెను. వ్రాసిపెట్టిన కుర్రవాడు "ఐ పెయిడ్ ఫర్ హిమ్" అని వ్రాసెను. దాని యర్థము వేఱు: అతడెవరికో ఈయవలసినదానిని అతనికి బదులుగా నేనిచ్చితిని అని. "ఐ పెయిడ్ హిమ్" అనిన చాలియుండెడిది. మధ్య నొక్క "ఫర్" చేరుటచే అప్పు తీర్చినవాడు ఉపకారము చేసినవాడయ్యెను. తీర్చిన యప్పు మాత్రము కాగితమున తీరలేదు.

కుర్రవానిని నిందించి ఫలము లేదు. మన బడులలో "కొఱకు" అన "ఫర్", "కు" అన "టు" అని పట్టికగా వల్లె వేయింతురు. మన విభక్తులే యంత సులభముగా లొంగవు. చిన్నయసూరి బాలవ్యాకరణమున "కొఱకు, కై" అనువానిని చతుర్థిగను, "కి, కు" అనువానిని షష్ఠిలోను చేర్చెను. ఈయుట, చెప్పుట మున్నగు క్రియలయెడ "కు" చేయు పని చతుర్థిదే. ఇక నొక భాషలోని ప్రత్యయమునకు వేఱొక భాషలో నెల్లయెడల నొక్కటే మాట సరిపోవునని తలచుట యెట్లు? ఇంగ్లీషున ఏ మాట రావలెనో నిర్ణయించునది క్రియ.

సంస్కృతము చదివినవారికి ద్వికర్మకధాతువులు తెలియును. పిదుకుట, యాచించుట, ప్రశ్నించుట మున్నగునవి రెండేసి కర్మముల గ్రహించును. ఇంగ్లీషునను ఇట్టివి కలవు. "గివ్ మి ది బుక్" అనుచో "మి", "బుక్" రెండును ఏ తోడుమాటయు లేకయే క్రియ నాశ్రయించినవి. "ఆస్క్" అను క్రియ మఱింత చిత్రమైనది. ప్రశ్నించు నర్థమున "ఆస్క్ హిమ్ ఎ క్వశ్చన్" అని రెండు కర్మములు. యాచించు నర్థమున "ఆస్క్ హిమ్ ఫర్ మనీ" అని సొమ్మునకు ముందు "ఫర్" వలయును. సంస్కృతమున రెండు ధాతువులకు ఒకటే దారి. ఇచట ఒక క్రియకే రెండు దారులు.

"ఎక్స్‌ప్లెయిన్ మి" అని మనవారు తఱచుగా ననుచుందురు. "ఎక్స్‌ప్లెయిన్ టు మి" అనవలెను. "గివ్", "టెల్" మున్నగునవి పాత క్రియలు. "ఎక్స్‌ప్లెయిన్" లాటిను సంతతిది. అట్టి యెరువు క్రియలు పెక్కు "టు" లేనిదే మనుష్యుని గ్రహింపవు. అన్నియు నట్లు కావు; "ప్రామిస్" లాటినునుండి వచ్చినదే యయ్యు "ప్రామిస్ మి" అనుట సాధువు. ఇంకొక విశేషము: వేయేండ్లక్రిందటి ఇంగ్లీషున "హిమ్" అన "వానికి" అని యర్థము, "వానిని" అనుటకు "హినె" అని వేఱు రూపముండెడిది. అది నశింపగా "హిమ్" రెండు పనులను నెత్తిన వేసికొనెను.

ఇక నుపసర్గలవంటివి. "దీపము నార్పుము" అనుటకు "టర్న్ ఆఫ్ ది లైట్" అనియు, "టర్న్ ది లైట్ ఆఫ్" అనియు చెప్పవచ్చును. దీపమునకు బదులు సర్వనామము వచ్చినచో "టర్న్ ఇట్ ఆఫ్" అనియే. "టర్న్ ఆఫ్ ఇట్" అనరాదు. కాని "లుక్ ఎట్ ఇట్" అనుచో "ఇట్" వెనుకనే నిలుచును. "ఆఫ్" క్రియకు చెందినది, "ఎట్" తన తరువాతి నామమునకు చెందినది, అదియే భేదము. సర్వనామమును పెట్టి చూచిన ఏది యేదియో తేలిపోవును. క్రియకును ఉపసర్గకును నడుమ వేఱు పదము దూరుట వింత యనుకొనకుడు. వేదమున నట్టి ప్రయోగము కలదని పాణిని చెప్పియే యున్నాడు. లౌకిక సంస్కృతమున నది పోయినది. ఇంగ్లీషున నట్టిదే నిత్యవ్యవహారము.

కాగితములలో వచ్చు నింకొక జతను చెప్పి విరమించెదను. "ఐ సెంట్ హిమ్" అన నేనతనిని పంపితిని; "ఐ సెంట్ ఫర్ హిమ్" అన నేనతనిని పిలువనంపితిని. మొదటిదానిలో అతడు మన యింటినుండి వెడలినవాడు, రెండవదానిలో మన యింటికి రావలసినవాడు.