బహుమతి మన చేతిలో, అకామా ఎవరి చేతిలో?



గల్ఫ్ కార్మికుల రాతలకు ఏటా ఒక బహుమతి ఇద్దామని ఈ మీటింగ్ పెట్టుకున్నాం. మంచి ఆలోచనే. కానీ తీర్మానం చేసేముందు సింగపూర్‌లో జరిగిన సంగతి ఒకటి వినండి.

అక్కడ 2014లో వలస కార్మికులకు కవితల పోటీ మొదలైంది. పగలంతా భవనాలు కట్టి, రాత్రి డార్మిటరీ మంచం మీద కూర్చొని బెంగాలీలో రాసుకున్న మనుషులు వేదికెక్కి తమ కవితలు చదివారు. తర్వాత ఇతర భాషలవాళ్ళూ, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళూ వచ్చారు. మొదటి రెండేళ్ళూ గెలిచింది బంగ్లాదేశ్ నుంచి వచ్చిన జాకిర్ హుస్సేన్ ఖోకన్. నిర్మాణ రంగంలో పని ఆయనది. గెలిచి ఊరుకోలేదు, తోటి కార్మికుల చేత కూడా రాయించాడు, చదివించాడు.

2020లో కొవిడ్ వచ్చినప్పుడు మూడు లక్షల మందికి పైగా కార్మికులు డార్మిటరీల్లో చిక్కుకుపోయారు. 2021లో ఒక డార్మిటరీలో తిండి, వైద్యం విషయమై గొడవైతే ఆయన ఫేస్‌బుక్‌లో రాశాడు. 2022లో ఆయన వర్క్ పాస్ పొడిగించలేదు. ఆ రాతలు తప్పుదారి పట్టించేవి, రెచ్చగొట్టేవి అని ప్రభుత్వం చెప్పింది. 19 ఏళ్ళు పనిచేసిన దేశం అది.

పోటీ పెట్టినవాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళ చేతిలో ఉన్నది మైకే, పర్మిట్ కాదు. ఇంటి మీద బెంగ గురించి రాసినంతసేపు కార్మికుడు అందరికీ ముద్దే. తిండి గురించి రాసిన రోజున ఆయన పక్కన ఎవరుంటారన్నదే నా ప్రశ్న.

మా బాపు దుబాయిలో పన్నెండేళ్ళు సెంట్రింగ్ పని చేశాడు. ఆయనకు రాయరాదు. క్యాంపులో ఉత్తరాలు రాసిపెట్టేది మా ఊరి పటేల్ల అబ్బాయి. ఆ ఉత్తరాల్లో ఎప్పుడూ ఒకటే మాట, నేను క్షేమం. మూడు నెలలుగా జీతం లేదని, పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గరే ఉందని పటేల్ల నోటికి ఎట్లా ఇస్తాడు? అవన్నీ క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికొచ్చే మనవాళ్ళ చేత పంపేవాడు. తలుపేసుకొని వినేవాళ్ళం. ఒక క్యాసెట్‌లో సగం దాకా మాటే లేదు, ఫ్యాను చప్పుడే. అమ్మ దాన్నీ చివరిదాకా వినేది.

అందుకని కాగితం మీద రాసిందే కావాలని అడగొద్దు. వాట్సాప్ వాయిస్ మెసేజ్ పంపినా తీసుకుందాం. జగిత్యాల మాటను, సిరిసిల్ల మాటను దిద్దకుండా అచ్చేద్దాం. మారుపేరుతో పంపే వీలుండాలి. అసలు పేరు కమిటీలో ఒక్కరికే తెలియాలి. ఫోటో అసలే వద్దు. డబ్బు ఇంటివాళ్ళ ఖాతాలో వేద్దాం. రాసినందుకు ఎవరి అకామా అయినా పోతే టిక్కెట్‌కూ వకీలుకూ పనికొచ్చేట్టు సగం నిధి పక్కన పెట్టాలి. దానివల్ల బహుమతి చిన్నదైతే కానివ్వండి. న్యాయనిర్ణేతల్లో ప్రొఫెసర్లు ఉంటే ఉండనీ, కానీ కువైట్ ఇళ్ళలో పనిచేసి తిరిగొచ్చిన కడప, గోదావరి ఆడవాళ్ళు లేకుండా కుదరదు.

డబ్బెక్కడిదని అడుగుతారు. 1920లో బాబాసాహెబ్ ‘మూక్‌నాయక్’ పెడితే శాహూ మహరాజ్ సాయం చేశాడు. సాయం తీసుకోవడం తప్పు కాదు. మనుషుల్ని పంపే ఏజెంట్ల దగ్గర మాత్రం రూపాయి వద్దు.

బాపు క్యాసెట్లు రెండు మిగిలాయి. నడిచే టేప్‌రికార్డర్ ఎవరి దగ్గరైనా ఉంటే మీటింగ్ అయ్యాక నాకు చెప్పండి.

జై భీమ్.